అరవయ్యొకటో పేజీ

“నవ్వండి అత్తయ్యా! పుస్తకం అమ్మడానికి కూర్చున్నాం, పరామర్శకు కాదు” అంది కోడలు.

పెద్దమ్మ నవ్వింది.

“అంత వద్దు. పళ్ల డాక్టరు ముందు కూర్చున్నట్టుంది.”

పెద్దమ్మ ఠక్కున నోరు మూసుకుంది. “ముప్పయ్యేళ్లు ఉద్యోగం చేశాను. నవ్వమని ఒక్కరూ అడగలేదే” అని గొణిగింది.

ఆ గది కోడలి దుకాణం. ఇంట్లోనే కూర్చుని, ఫోను ముందు బట్టల మడతలు విప్పి చూపించి, ఊళ్లోవాళ్లకూ ఊరు కానివాళ్లకూ అమ్ముతుంది. మూడు అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పై పెట్టెకు ఫోను ఆనించింది. తన ముఖం తనకు కనబడేలా దాన్ని ఇటు తిప్పి పెట్టడం ఆమెకు అలవాటు. వెనక గోడ పెచ్చులు కనబడకుండా తెల్ల దుప్పటి కట్టింది. ఆ దుప్పటిని పెద్దమ్మే ఇస్త్రీ చేసింది. అందులో మాత్రం ఎవరూ వంక పెట్టలేరు.

ఆసుపత్రి బట్టలు ఉతికే విభాగంలో ముప్పయ్యేళ్లు ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డ మనిషి. అక్కడ అందరికీ ఆమె ఇస్త్రీ పెద్దమ్మ. మొగుడు పోయాక, యాభై రెండో ఏట, సాయంకాలం బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకుంది. అరవయ్యో ఏట పుస్తకం రాసింది. పేరు ‘ఇస్త్రీ బల్ల ఎదురుగా’. అయిదు వందల కాపీలు అచ్చయ్యాయి. మొదటి నెలలో తొమ్మిది కదిలాయి. వాటిలో నాలుగు ఆ బడి పంతులమ్మే కొన్నది.

“పుస్తకానికి కాళ్లుండవమ్మా” అన్నాడు అచ్చువేసిన ప్రెస్సాయన. “ఈ రోజుల్లో రాసినవాళ్లే వీధిలో నిలబడి కేకెయ్యాలి. వీధంటే ఇప్పుడు ఫోనే. ఇంట్లో కూర్చుని చిన్న వీడియో తీయించుకోండి. మీ ముఖం, మీ మాట చాలు. పెద్ద హంగులుంటే నమ్మరు కూడా. వానలు మొదలయ్యేలోపు కదలకపోతే నేనూ ఏం చెయ్యలేను, గోడౌనులో చెమ్మ. కాటాకెయ్యాల్సిందే.”

కాటాకెయ్యడమంటే పాతకాగితాల లెక్కన తూచి ఇచ్చెయ్యడం. ఆ మాటకు పెద్దమ్మ భయపడిందంటే భయపడింది. కానీ ఆమెకు అయిదు వందలమంది అక్కర్లేదు. ఒక్కతె చదివితే చాలు. ఆ ఒక్కతె పుస్తకం ముట్టదు, ఫోను వదలదు. అందుకే పెద్దమ్మ ఈ పెట్టెల ముందు పళ్లు ఇకిలిస్తూ కూర్చుంది.

ఆ ఒక్కతె పిచ్చుక కూతురు.

పిచ్చుక అంటే పెద్దమ్మతోపాటు పనిచేసిన మనిషి. పొట్టిగా, చురుగ్గా, నోరు ఊరకుండకుండా ఉండేది కాబట్టి ఆ పేరు. నీళ్లు పిండే యంత్రం దగ్గర ఆమె పని. ఆ యంత్రం మూత గొళ్లెం విరిగి మూడు నెలలైంది. గుడ్డపేలికతో కట్టి నడిపించారు. బాగు చేయించమని ఇద్దరూ మేస్త్రీకి నోటితో చెప్పారు, చెప్పారు. కాగితం మీద పెట్టడం ఇద్దరికీ రాదు. ఒకరోజు పేలిక ఊడింది, మూత ఎగిరింది. పిచ్చుక చెయ్యి లోపలికి పోయింది. ఆసుపత్రి ఆవరణలోనే ఉండి కూడా ఆమెను డాక్టరు దగ్గరికి చేర్చేలోపు అంతా అయిపోయింది.

విచారణ జరిగింది. ‘యంత్రం తిరుగుతుండగా మూత తెరవరాదని ఎదురుగా బోర్డు ఉన్నప్పటికీ, మృతురాలు చదువురాని కారణంగా అజాగ్రత్తగా తెరిచింది’ అని మేస్త్రీ చదివి వినిపించాడు. బోర్డు ఉన్నమాట నిజమే. ఇస్త్రీ బల్లకు సరిగ్గా ఎదురుగా, నీలంరంగు రేకు బోర్డు. ఇరవయ్యేళ్లు పెద్దమ్మ దాన్నే చూస్తూ ఇస్త్రీ చేసింది. అందులో ఏముందో ఆమెకేం తెలుసు? చదువుకున్నవాళ్లు చెప్తున్నారు కదా అనుకుంది. సాక్షుల వరసలో వేలిముద్ర వేసింది.

అప్పుడు పిచ్చుక కూతురికి పదేళ్లు. ఇప్పుడు ఇరవై మూడు. అదే ఆసుపత్రిలో రికార్డుల కౌంటరులో పనిచేస్తోంది. “మా అమ్మకు నాలుగు ముక్కలు వచ్చుంటే నాకు అమ్మ ఉండేది” అంటుంది ఎవరడిగినా. తల్లి మీద కోపం దానికి చల్లారలేదు. పెద్దమ్మ ఒకసారి చెప్పబోయింది. “నువ్వూ చదువురానిదానివే కదా పెద్దమ్మా, నీకేం తెలుసు?” అని లేచి వెళ్లిపోయింది. నోటిమాట నమ్మనిది అచ్చులో ఉంటే నమ్ముతుందని పెద్దమ్మ ఆశ. అరవయ్యొకటో పేజీ కోసమే మిగతా నూట పది పేజీలూ రాసింది.

“ఇప్పుడు పుస్తకం గుండెల దగ్గర పెట్టుకోండి. అట్ట కనబడాలి. మీ పేరు, ఏం పని చేశారు, పుస్తకం పేరు. అంతే, మూడు ముక్కలు.”

పెద్దమ్మ పుస్తకం ఎత్తింది. ఫోనులోకి చూసింది. చూసి ఉలిక్కిపడింది.

అట్ట మీది అక్షరాలు వీపు తిప్పుకుని నిలబడ్డాయి. కుడివైపు ఉండాల్సింది ఎడమకు పోయింది, కొమ్ములు అటుదిటు తిరిగాయి. కళ్లు నులుముకుంది. చేతిలోని పుస్తకం చూస్తే బాగానే ఉంది. ఫోనులో చూస్తే తిరగబడి ఉంది. అక్షరాలు నేర్చుకున్న కొత్తలో ఆమె చేతికి ఇదే రోగం. సగం అక్షరాలు ఎదురు తిప్పి రాసేది. “అద్దంలో చూసి రాస్తున్నావా ఏం?” అని పంతులమ్మ నవ్వేది. ఆరు నెలలకు గానీ కుదరలేదు. ఆ రోగం మళ్లీ వచ్చిందనుకుంది పెద్దమ్మ. లేకపోతే చదువుకున్న కోడలికి కనబడకుండా ఉంటుందా? ఫోను తప్పు చూపిస్తుందా? చెప్తే, ‘అయ్యో, అత్తయ్య చదువు అప్పుడే ఆవిరైపోయింది’ అని రాత్రి కొడుకుతో చెప్పి నవ్వదూ?

మూడు ముక్కలూ చెప్పింది. చక్కగా నవ్వింది కూడా.

రెండోరోజు సాయంత్రానికి కోడలు గంతులేస్తూ వచ్చింది. “అత్తయ్యా, లక్ష! లక్షమంది చూశారు! నా బట్టలు ఏడాది మొత్తం చూసినవాళ్లు కూడా లేరు ఇంతమంది!”

“ఏమంటున్నారు?”

కోడలు ఫోను వెనక్కి తీసుకోబోయింది. పెద్దమ్మ ఫోను లాక్కుని, వేలు పెట్టి తనే కూడబలుక్కుంటూ చదివింది.

‘బామ్మా, పుస్తకం పేరు తిరగబడింది, చూసుకున్నావా?’

‘చూసుకోడానికి చదవడం రావాలిగా!’

‘పాపం, రాసిందెవరో. ముందు కూర్చోబెట్టింది ఈవిణ్ణి.’

‘కోడలు రాసింది, అత్త మోసింది.’

ఒక్కో మాట కింద నవ్వుతూ కళ్లనీళ్లు పెట్టుకునే పసుపుపచ్చ ముఖాలు, బారులు బారులుగా.

“అక్షరాలు తిరగబడ్డ సంగతి నేను చూసుకోలేదత్తయ్యా. ముందువైపు కెమెరా అద్దంలా చూపిస్తుంది. బట్టలకు కుడి ఎడమలు ఉండవు కదా, నాకెప్పుడూ పట్టింపు లేదు” అంది కోడలు.

“నేను చూశాను.”

“చూశారా? మరి చెప్పలేదేం?”

పెద్దమ్మ దగ్గర జవాబు ఉంది. పదమూడేళ్లుగా ఉంది. చదువుకున్నవాళ్లు చూస్తున్నారు కదా అని ఊరుకుంది, అదీ జవాబు. పైకి మాత్రం, “కళ్లద్దాలు మార్చాలి” అంది.

ప్రెస్సాయన ఫోను చేశాడు. గొంతులో తేనె. “అమ్మా, డెబ్భై కాపీలు అడిగారు! ఇంకో వీడియో వదలండి. వేడి మీద ఉన్నప్పుడే తియ్యాలి ముడత. మీకు నేను చెప్పాలా?”

కోడలి బుర్ర అప్పటికే పరుగెత్తుతోంది. “ఈసారి పుస్తకం తలకిందులుగా పట్టుకోండి. కావాలనే. వాళ్లు ఎగతాళి చేస్తున్నారుగా, మనమే ముందు చేసుకుంటే మన సొమ్మేం పోయింది?”

“నేను రాసిన పుస్తకాన్ని నేనే తలకిందులుగా పట్టుకోవాలా?”

“నవ్వినవాళ్లే కొంటారు అత్తయ్యా.”

“నవ్వడానికి నోరు చాలు. చదవడానికి కళ్లు కావాలే పిల్లా.”

“పిచ్చుకత్త కూతురు కూడా ఫోనులోనేగా ఉంటుంది? ఆ పిల్ల ముందుకు మీ పుస్తకం ఇంకెట్లా పోతుంది, నడిచా?”

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. పెద్దమ్మ రెండు రోజులు తిండి సరిగ్గా తినలేదు. మూడోరోజు ఒక షరతు మీద ఒప్పుకుంది. మొదట తలకిందులుగా పట్టుకుంటుంది. తర్వాత సరిగ్గా తిప్పి, అరవయ్యొకటో పేజీ మొత్తం చదువుతుంది. అది ఉండాలి. అక్షరం తగ్గకూడదు.

“అలాగే” అంది కోడలు.

పెద్దమ్మ ఆ పేజీని గది తలుపు వేసుకుని పదిసార్లు చదువుకుంది. చూపుడువేలు వరస కింద జరుపుకుంటూ, పెదాలు కదుపుకుంటూ చదవడం ఆమె పద్ధతి. అక్షరాలకు వేలు ఆసరా ఇవ్వకపోతే ఒకదాని మీదొకటి పడిపోతాయి. వీడియో రోజు ఒక్క తప్పు లేకుండా చదివింది. ‘ఆ కాగితం కింద నా వేలిముద్ర ఉంది. నాకు చదవడం రాదు. చదివినవాడు చెప్పింది నమ్మాను. నమ్మడం కూడా ఒక నేరమే’ అన్న చివరి వాక్యాల దగ్గర కూడా వేలు ఆపలేదు. కెమెరా వెనక కోడలు కళ్లు తుడుచుకుంది. పెద్దమ్మ అది చూసింది.

బయటికి వచ్చిన వీడియో ముప్పై ఎనిమిది సెకన్లు. తలకిందుల పుస్తకం, పళ్ల డాక్టరు నవ్వు. అంతే.

“అరవయ్యొకటో పేజీ ఏదీ?”

“ఉంచితే మొత్తం నాలుగు నిమిషాలొచ్చిందత్తయ్యా. నిమిషం దాటితే ఎవడూ నిలబడడు. మీరు వేలు జరిపేలోపు నీళ్లు మరిగిపోతాయి.”

“కళ్లు తుడుచుకున్నావుగా?”

“నేను మీ కోడల్ని. వాళ్లకేం పట్టింది?” అంది కోడలు, మెల్లగా. ఆమె మాటలో దాపరికం లేదు. అదే పెద్దమ్మను మరీ బాధపెట్టింది. కోడలు దొంగ అయితే తిట్టుకుని ఊరుకునేది.

పుస్తకాలు పోయాయి. మూడు వారాల్లో అయిదు వందలూ ఊడ్చుకుపోయాయి. తలకిందుల బామ్మ అన్న పేరు స్థిరపడింది. కాలేజీ పిల్లలు, ఆఫీసువాళ్లు, జిమ్ముల్లో బరువులెత్తేవాళ్లు పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని, తెలివితక్కువ ముఖాలు పెట్టి ఫొటోలు తీసుకున్నారు. అది ఒక ఆట అయింది. ప్రెస్సాయన రెండో ముద్రణకు అట్టనే తలకిందులుగా వేద్దామన్నాడు.

“అరవయ్యొకటో పేజీ గురించి ఎవరైనా అడిగారా?” అంది పెద్దమ్మ.

“ఏ పేజీ అమ్మా?” అన్నాడు ఆ పుస్తకాన్ని అచ్చువేసినవాడు.

వానలు మొదలైన వారం, పిచ్చుక కూతురి నుంచి ఫొటో వచ్చింది. ఏళ్ల తరబడి ఫోను చెయ్యని పిల్ల. రికార్డుల కౌంటరు వెనక నలుగురు అమ్మాయిలు, మధ్యలో అది, చేతిలో పుస్తకం తలకిందులుగా. నాలుక బయటపెట్టింది. నవ్వితే అచ్చం పిచ్చుకే. కింద, ‘మా సొంత పెద్దమ్మ అంటే ఎవరూ నమ్మడం లేదు!’ అని రాసింది.

పెద్దమ్మ వెంటనే ఫోను చేసింది.

“పెద్దమ్మా! ఫేమస్ అయిపోయావుగా!”

“చదివావా?”

“చదువుతానే. ఇక్కడ ఊపిరి తీసుకోడానికి టైమ్ లేదు.”

“ఒక్క పేజీ చదువు. అరవయ్యొకటి. నేను ఫోను పెట్టెయ్యను.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే తల్లీ. నీ కాళ్లు పట్టుకుంటాను.”

కాగితాలు తిరిగిన చప్పుడు. వెనక ఎవరో నవ్వుతున్నారు, ఎవరో నంబరు పిలుస్తున్నారు. తర్వాత ఆ పిల్ల ఊపిరి మాత్రమే. చదువుకున్న పిల్ల, ఒక పేజీకి ఎంతసేపు పడుతుంది? పెద్దమ్మ అదే పేజీని మనసులో వేలు జరుపుకుంటూ తోడు చదివింది. తను మూడో వరసలో ఉండగానే అవతల ముగిసింది.

“బోర్డు మీద ఆ మాట లేదని రాశావు” అంది పిల్ల.

“లేదే. ‘తడి చెప్పులతో లోపలికి రావద్దు’ అని ఉండేది. అంతే. మీ అమ్మ పోయిన వారానికి రాత్రికి రాత్రి రంగు కొట్టి కొత్తది రాశారు. యంత్రం గురించి ఎక్కడా హెచ్చరిక లేదు. మీ అమ్మకు చదువొచ్చినా అక్కడ చదవడానికేమీ లేదు తల్లీ.”

“అప్పుడు నీకు చదవడం రాదుగా. ఏముందో నీకెట్లా తెలుసు?”

“ఆకారాలు గుర్తు. ఇరవయ్యేళ్లు చూశాను. బడికి వెళ్లిన మొదటివారం, తెలిసింది ఏదైనా రాయమంటే ఆ బోర్డు గీశాను. పంతులమ్మ చదివి చెప్పింది.”

“పెద్దమ్మా, విచారణ కాగితం నేను చూశాను. ఇక్కడ చేరిన మొదటి నెలలోనే వెతుక్కుని చూశాను. నీ వేలిముద్ర ఉంది.”

“అదీ రాశాను కదే, కింద.”

“రాశావు. చదువు రానప్పుడు ఉందని ముద్ర వేశావు. చదువొచ్చాక లేదని రాశావు. మధ్యలో అదే పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని లోకాన్నంతా నవ్వించావు.” పుస్తకం మూసిన చప్పుడు. “నేను కూడా ఇప్పుడే నాలుక బయటపెట్టి ఫొటో దిగాను. మా అమ్మ చావున్న పుస్తకంతో. నన్ను దేన్ని నమ్మమంటావు?”

ఫోను పెట్టేసింది. పది నిమిషాల్లో ఆ ఫొటో కూడా మాయమైంది.

ఆ సాయంత్రం కోడలు, అడగకుండానే, ఇంకో వీడియో పెట్టింది. కెమెరా తిరగేసి చూపించిన సంగతి, రెండోసారి కావాలని చేసిన సంగతి, అరవయ్యొకటో పేజీ మొత్తం, అన్నీ అందులో ఉన్నాయి. నలభై ఇద్దరు చూశారు. ‘బోర్ కొట్టించకు బామ్మా, పుస్తకం తిప్పు’ అని ఒకరు రాశారు.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ తన పెట్టె అడుగు నుంచి ఒక నోటుపుస్తకం కాగితం తీసింది. ఎనిమిదేళ్ల కిందటిది. పెన్సిలు గీతలు వెలిసిపోయాయి. రాసినట్టు లేదు, బొమ్మ గీసినట్టుంది. అక్షరాలు కుడి నుంచి ఎడమకు మొదలుపెట్టి, కొన్నిచోట్ల కింది నుంచి పైకి గీసింది. చదువొచ్చిన చెయ్యి ఏదీ అట్లా గీయలేదు. చుట్టూ బోర్డు అంచు, నాలుగు మూలలా నాలుగు మేకులు. కింద పంతులమ్మ ఎర్రసిరా సంతకం, తారీఖు.

దాన్ని ఇస్త్రీ చేసిన జేబురుమాలులో పెట్టుకుని ఆసుపత్రికి నడిచింది. వాన వెలిసింది. రికార్డుల కౌంటరు ముందు వరసలో పదిహేనుమంది. పెద్దమ్మ కూడా నిలబడింది. అద్దంలో ఉన్న చిన్న కంత అవతల పిచ్చుక కూతురు తల ఎత్తకుండా కాగితాలు అందుకుంటోంది, చదవడం రానివాళ్లకు గట్టిగా చదివి చెప్తోంది. ఆ పని శ్రద్ధగానే చేస్తోంది. ఒక ముసలాయనకు రెండుసార్లు చదివింది.

పెద్దమ్మ వంతు వచ్చింది. కాగితం కంతలోంచి తోసింది.

“చదివి పెట్టమ్మా” అంది.

పిల్ల అలవాటుగా అందుకుంది. వంకర గీతల మీద కళ్లు చిట్లించింది. “తడి... చెప్పులతో... లోపలికి...” అని గట్టిగా చదువుతూ ఆగింది. తల ఎత్తింది.

పెద్దమ్మ వేలితో ఆ కాగితాన్నే చూపించింది. మాటలన్నీ ఖర్చయిపోయాయి.

పిల్ల మళ్లీ కాగితం చూసింది. వేలితో ఒక మేకును తాకింది. ఆ మేకులు దానికి తెలుసు. పదేళ్ల పిల్లగా, బడి వదిలాక తల్లి కోసం ఆ బోర్డు కిందే గోడకు ఆనుకుని కూర్చునేది. దాని పెదాలు కదిలాయి.

“అరే, తలకిందుల బామ్మ!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. వరస చెదిరింది. నాలుగు ఫోన్లు గాలిలోకి లేచాయి. “బామ్మా, ఇటు! ఒక్కసారి ఇటు చూడు! పుస్తకం తెచ్చావా? పోనీ ఆ కాగితమే తిప్పి పట్టుకో!”

పిల్ల ముఖం గోడలా మూసుకుపోయింది. కాగితాన్ని బోర్లా తిప్పి బల్ల మీద పెట్టింది.

“తర్వాతివాళ్లు” అంది.

పెద్దమ్మ పక్కకు జరిగింది. ఎవడో కుర్రాడు ఆమె భుజం పక్కన ముఖం పెట్టి తన ఫోనులోకి నవ్వాడు. ఆమె నవ్వలేదు. కంతలోంచి చూస్తే, బోర్లా పెట్టిన కాగితం మీద పిల్ల ఎడమచెయ్యి ఇంకా అలాగే ఉంది. కుడిచేత్తో ముద్రలు వేస్తోంది, నంబర్లు పిలుస్తోంది. కాగితం తిరిగివ్వలేదు. చించనూ లేదు.

వరస అయిపోయేదాకా ఉందామని పెద్దమ్మ గోడ పక్క బెంచీ వైపు నడిచింది. గుమ్మం దగ్గర ఎవరో కొత్త బోర్డు పెట్టారు. వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. ‘అనవసరంగా ఇక్కడ కూర్చోరాదు’ అని ఉంది.

కూర్చుంది.